విమాన చోదకుల కార్యవిధానాలు: మరపును ఒప్పుకొన్న విద్య
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



విమాన చోదకులు పాటించే కార్యవిధానాలను ఎలా రూపొందిస్తారో చెప్పమని కార్యవర్గం వారు కోరారు. ఆలయంలో ఈ ప్రసక్తి ఏమిటని మీకు అనిపించవచ్చు. శ్రౌతయాగం చూసినవారికి ఆ సందేహం రాదు. తక్కిన ఋత్విజులు తమతమ పనుల్లో మునిగి ఉండగా, బ్రహ్మ అనే ఋత్విజుడు మౌనంగా కూర్చుని లోపం దొర్లుతుందేమోనని కనిపెట్టుకొని ఉంటాడు; దొర్లితే ప్రాయశ్చిత్తం జరిపిస్తాడు. ఎంతటి పండితుడైనా మరచిపోగలడని మన పూర్వులు ముందే ఒప్పుకొన్నారు. విమానయానం ఆ మాట ఒప్పుకోవడానికి ప్రాణాలే మూల్యమయ్యాయి.

1935 అక్టోబరు 30న ఒహాయోలోని రైట్ ఫీల్డులో బోయింగ్ వారి నాలుగింజన్ల విమానం, మోడల్ 299, లేచిన కొద్ది క్షణాలకే కూలింది. నడిపిన మేజర్ హిల్ ఆరితేరిన చోదకుడు. ఇంజన్లలోనూ దోషం లేదు. నేలమీద నిలిపినప్పుడు తోక పలకలు గాలికి కొట్టుకోకుండా వేసే బిగింపును తీయడం మరచారు. చేయవలసిన పనుల జాబితా చోదకుల చేతికి వచ్చింది ఆ తరువాతే.

అయితే జాబితా ఉన్నంత మాత్రాన చాలదు. 1987 ఆగస్టు 16న డెట్రాయిట్‌లో నార్త్‌వెస్ట్ 255 బయలుదేరబోతుండగా రన్‌వే మార్చారు. దృష్టి అటు మళ్ళింది. చదవవలసిన జాబితా చదవలేదు. రెక్కల ఫ్లాపులు దించలేదు. హెచ్చరించవలసిన పరికరానికి విద్యుత్తు అందలేదు. 156 మంది మరణించారు. విమానంలో ఉన్నవారిలో నాలుగేళ్ళ పాప ఒక్కతే బ్రతికింది.

డెగాని, వీనర్ అనే పరిశోధకులు నాసా కోసం ఈ జాబితాలను పరిశీలించి 1990లో నివేదిక ఇచ్చారు. అందులో నాకు మిక్కిలి నచ్చిన సూచన ఒకటుంది: 'ఫ్లాపులు?' అని అడిగితే 'చూశాను' అనరాదు, అవి ఎంతవరకు దిగి ఉన్నాయో ఆ అంకె చెప్పాలి. అలవాటుపడిన నోరు కన్నుకంటె ముందే 'చూశాను' అంటుంది. ప్రాణాంతకమైన అంశాలు జాబితా మొదట్లోనే ఉండాలన్నది మరొకటి. ఎందుకంటే మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తారు. సంకల్పం చెబుతుండగా పార్కింగులో అడ్డంగా ఉన్న కారు యజమానిని మైకులో పిలవడం మనమెరుగనిది కాదు.

ఈ సభలో ఉన్న వైద్యులకు 2008 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్స జాబితా తెలిసినదే. అందులోనివి 19 అంశాలు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షించగా మరణాలు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గాయి. గదిలోని ప్రతివారూ తమ పేరు, పని చెప్పాలన్నది అందులో ఒక అంశం. ఒకసారి నోరు విప్పిన నర్సు అవసరమైనప్పుడు మళ్ళీ విప్పగలదు.

మనవారికి ఇదే కష్టం. పెద్దలకు ఎదురుచెప్పరాదని పెరిగినవాళ్ళం. సహచోదకుడు కెప్టెన్‌ను హెచ్చరించడం అతని ధైర్యానికి వదలిపెట్టకూడదు. అది అతని విధి అని కాగితం మీద ఉండాలి.

వచ్చే హోమానికి అగ్ని జాగ్రత్తల పత్రం వ్రాయమని కార్యవర్గం నాకు అప్పగించింది. మొదటి పంక్తి వ్రాశాను: స్వచ్ఛంద సేవకులలో అందరికంటె చిన్నవాడు 'ఆపండి' అన్నా, పురోహితులవారితో సహా అందరూ ఆపాలి. పురోహితులవారు చదివి, సంతకం చేశారు.