అమెరికా ఆటలు – విస్సన్నపేట అభిమాని

అమెరికాలో ఆదివారం రాత్రి ఆరంభమయ్యే ఫుట్‌బాల్ ఆట విస్సన్నపేటలో సోమవారం తెల్లవారి పాలు పితికే వేళకు ప్రత్యక్షమవుతుంది. అక్కడి సోమవారం రాత్రి ఆట మనకు మంగళవారం ఉదయం. అక్కడి గురువారపు ఆట మనకు శుక్రవారం. ఏ వారం ప్రయాణానికి మంచిదో, ఏ దిక్కున శూల ఉన్నదో మన పంచాంగకర్తలు శ్రమపడి వ్రాశారు గాని, పరదేశపు ఆట చూడడానికి ఏ వారం అనుకూలమో ఎవ్వరూ వ్రాయలేదు. అందుచేత నావంటివారు వారంలో మూడు ఉదయాలు వర్జ్యమూ దుర్ముహూర్తమూ పాటించకుండానే టెలివిజన్ ముందు కూర్చొనవలసి వస్తున్నది.

"మామిడితోటల నడుమ ఉన్న ఈ ఊరికీ, ఆ మంచుదేశపు ఆటలకూ ఏమిటయ్యా సంబంధం?" అని అడిగేవారున్నారు. సంబంధం లేకపోలేదు. మా మనుమడు ఒహాయో రాష్ట్రంలో, క్లీవ్‌లాండ్ నగరంలో ఉంటున్నాడు. బిడ్డలున్నచోటికి మనసు పోతుంది. మనసు పోయినచోటికి చూపు పోకుండా ఎట్లా ఆగుతుంది?

ముందుగా వారి ఫుట్‌బాల్ సంగతి మనవి చేస్తాను. పేరులో పాదం ఉన్నది గాని, ఆటలో పాదానికి పని స్వల్పం. పీచు తీయని కొబ్బరికాయవంటి బంతిని చంకన పెట్టుకొని ఒకడు పరుగెత్తుతాడు. అతనిని పడవేయడానికి పదకొండుమంది మీదికి ఉరుకుతారు. గడియారం ప్రకారం ఆట 60 నిమిషాలు. పూర్తి కావడానికి మూడు గంటలు పడుతుంది. ఇందులో బంతి నిజంగా కదిలేది సుమారు 11 నిమిషాలేనని 2010లో ఒక అమెరికా పత్రిక లెక్కకట్టి చూపింది. తక్కిన కాలమంతా సంప్రదింపులు, తర్జనభర్జనలు, ప్రకటనలు. మన పెండ్లిండ్లలో మంగళసూత్రధారణ ఎంతసేపు, తక్కిన తతంగం ఎంతసేపు అని ఆలోచించినవారికి ఈ లెక్క వింతగా తోచదు.

ఇక బేస్‌బాల్. ఇది మన బిళ్ళంగోడుకు పట్నంలో స్థిరపడి బాగా ఆస్తి సంపాదించిన జ్ఞాతివంటిది. ఉన్న జట్లు 30. ఒక్కొక్క జట్టు ఒక్క సీజనులో 162 ఆటలు ఆడుతుంది. చివర జరిగే పోటీకి వారు పెట్టుకున్న పేరు 'ప్రపంచ సీరీస్'. 30 జట్లలో 29 అమెరికావి, ఒకటి కెనడాలోని టొరంటోది. అనగా ప్రపంచమంటే తమ ఇల్లూ, పొరుగింటి అరుగూను! ఆ పొరుగింటివారు 1992లోనూ, 1993లోనూ కప్పు గెలుచుకొనిపోయి, ఆ పేరుకు కొంత గౌరవం దక్కించారు.

ఈ ఆటలో నన్ను ఆకర్షించింది చికాగో కబ్స్ జట్టు చరిత్ర. వారు 1908లో కప్పు గెలిచారు. తరువాత గెలవలేదు. 1945లో చివరిపోటీకి వచ్చినప్పుడు విలియం సియానిస్ అనే మద్యశాల యజమాని తన మేకతో సహా మైదానానికి వెళ్ళాడనీ, మేకకు కూడా టిక్కెట్టు కొన్నాడనీ, అయినా మేకను బయటికి పంపివేశారనీ, అందుకు ఆగ్రహించి అతడు శపించాడనీ కథ. శాపాలు మన పురాణాలకే పరిమితమనుకొనేవారు ఈ సంగతి గమనించవలెను. అయితే మన మునులు శాపంతోపాటు విమోచనమార్గం కూడా చెప్పేవారు. ఆయన చెప్పినట్లు లేదు.

ఎట్టకేలకు 2016లో కబ్స్ గెలిచారు. నడుమ గడచిన సంవత్సరాలు 108. బేస్‌బాల్ బంతిమీద ఉండే జంటకుట్లు కూడా 108. అష్టోత్తర శతం పూర్తి అయినదాకా దేవుడు కరుణించలేదన్నమాట! ఏడవ ఆటలో పది ఇన్నింగ్సులు సాగి, మధ్యలో 17 నిమిషాలు వర్షం వచ్చి, చివరకు 8–7తో చికాగో గట్టెక్కింది.

ఓడినవారెవరో తెలుసునా? క్లీవ్‌లాండువారే. వారు కప్పు చూసి ఆనాటికి 68 ఏండ్లు. ఆ ఏడాది జూనులో వారి బాస్కెట్‌బాల్ జట్టు 3–1 ఆటలతో వెనుకబడి, తరువాత మూడూ గెలిచి కిరీటం ధరించింది. నవంబరులో అదేవిధంగా 3–1తో వెనుకబడిన చికాగో మూడూ గెలిచి క్లీవ్‌లాండును దింపింది. ఒక్క సంవత్సరంలోనే నిచ్చెనా, పామూ! వైకుంఠపాళి ఆడినవారికి ఈ బాధ వివరించనక్కరలేదు.

ఆ నగరపు ఫుట్‌బాల్ జట్టు బ్రౌన్స్ సంగతి ఇంకా విశేషం. 2017 సీజనులో ఆడినవి 16 ఆటలు, ఓడినవి 16. ఇంతటి లోపరహితమైన ఓటమికి ఉత్సవం జరపవద్దా అని 2018 జనవరిలో గడ్డకట్టే చలిలో అభిమానులు మైదానం చుట్టూ సున్న ఆకారంలో ఊరేగారు. ఆ సందర్భంలో ఆకలిగొన్నవారికోసం చందాలు కూడా పోగుచేశారు. గెలిచినవారి ఊరేగింపులు లోకంలో చాలా ఉన్నవి. ఓడినవారు ఇంత మర్యాదగా ఊరేగడం అరుదు.

మనకు మాత్రం తక్కువా? ప్రో కబడ్డీలో మన తెలుగు టైటాన్స్ 2021–22లో 22 ఆటలాడి ఒక్కటి గెలిచింది. తరువాతి సీజనులో రెండు, ఆ తరువాత మరి రెండు. మూడు సీజనులలోనూ చిట్టచివరి స్థానమే. చెడుగుడు పుట్టిన నేలమీద ఇదేమి విధి అని మా ఊరి రచ్చబండ దగ్గర ఎన్నో సాయంకాలాలు వాదించుకున్నాము.

ఈ రెండు ఓటములే మా తాతామనుమల మధ్య వంతెన అయినవి. అంతకుముందు ఫోనులో మా సంభాషణ "తిన్నావా నాయనా?", "ఆఁ", "చదువుకుంటున్నావా?", "ఆఁ" అన్నంతలో ముగిసేది. పిల్లవానికి తెలుగు రాదని పెద్దలం విచారించేవాళ్ళం. భాష నేర్పినంత మాత్రాన చాలదు. ఆ భాషలో చెప్పుకొనదగిన విషయం కూడా ఉండాలి గదా! బ్రౌన్స్ ఎట్లా ఓడిందో అతడు నాకు చెప్పసాగాడు. టైటాన్స్ ఎట్లా ఓడిందో నేను అతనికి చెప్పసాగాను. దుఃఖం పంచుకొనడానికి వ్యాకరణం అంతగా అడ్డురాదు.

ఒకనాడు అతడే అడిగాడు: "తాతయ్యా, మన టైటాన్స్ మళ్ళీ ఓడింది?" వాక్యం సరిగా లేదు. కాని ఇంగ్లీషులో 'మా' అన్నా 'మన' అన్నా ఒక్కటే మాట. తెలుగులో 'మా జట్టు' అంటే ఎదుటివాడు బయట నిలిచిపోతాడు. 'మన జట్టు' అంటే లోపలికి వస్తాడు. ఏ బడిలోనూ నేర్పని ఈ భేదాన్ని ఆ పిల్లవాడు వరుసగా ఓడిపోయే ఒక జట్టు మూలంగా గ్రహించాడు. అప్పటినుంచి టైటాన్స్‌ను నిందించడానికి నాకు నోరు రావడం లేదు.

2025లో మన జట్టు ప్లేఆఫ్ దశకు చేరుకున్నది. ఆ ఉత్సాహంలో అతడు కూత నేర్పమన్నాడు. చెడుగుడు, చెడుగుడు అని ఊపిరి విడువకుండా అనాలని ఫోనులోనే చెప్పాను. నియమం ప్రకారం ఒక కూతకు 30 సెకండ్లు. మావాడు పద్నాలుగింటికే ఆయాసపడి, "ఇంకొకసారి చూడు తాతయ్యా" అన్నాడు. అభ్యాసం సాగుతున్నది.