జంతువుల చిత్రములు – మనుష్యుల రాజనీతి



చదువునకు లొంగని రాజకుమారులకు విష్ణుశర్మ నీతిశాస్త్రమును నేరుగా బోధింపలేదు. సింహమును, ఎద్దును, నక్కలను ముందు నిలిపి, కొలువులో కొండెములు స్నేహమునెట్లు చెరచునో చెప్పెను. చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రభేదము చదివిన తెలుగువారెవ్వరును దానిని కేవలము మృగముల కథ యనుకొనరు. ఈ కాలమున ఆ పనిని చలనచిత్రము చేయుచున్నది. కుటుంబసమేతముగా చూచు జంతువుల చిత్రములలో రాజనీతి యెట్లు దాగియున్నదో విచారించుట యీ ప్రసంగమునకు ఉద్దేశము.

వాల్ట్ డిస్నీ సంస్థ 1942లో విడుదల చేసిన ‘బాంబీ’ ఒక జింకపిల్ల కథ. దాని తల్లి వేటగాని తుపాకికి బలియగును. ఆ వేటగాడు తెరపై ఒక్కసారియైనను కనబడడు; అతడు వచ్చినాడన్న భయమే కనబడును. చూచు బిడ్డ తాను మనుష్యజాతివాడనని మరచి జింక పక్షమున నిలుచును. అమెరికాలో వేటగాండ్ర పత్రిక యొకటి ఈ చిత్రము తమకు అవమానకరమని నిరసించినది. మూలకథను 1923లో వెలువరించిన ఫెలిక్స్ సాల్టెన్ వియన్నాలో నివసించిన యూదుడు. పిదప నాజీలు ఆయన గ్రంథములను నిషేధించిరి. తరుమబడు జాతుల గాథగా దీనిని చదివినవారును గలరు.

మన దేశమున 1971లో చిన్నప్ప దేవర్ నిర్మించిన హిందీ చిత్రము ‘హాథీ మేరే సాథీ’లో రాము అను ఏనుగు యజమాని ప్రాణమునకు తన ప్రాణమొడ్డును. అంతకుముందు అదే యేనుగును ఆ యింటి యిల్లాలు తన బిడ్డకు అపాయకరమని అనుమానించును. విశ్వాసముతో కొలిచిన సేవకుని ఇల్లు ఎంత సులువుగా అనుమానించునో చెప్పుటకు ఏనుగు చాలినది.

అయితే ముసుగు ఎల్లప్పుడును మేలే చేయునని తలపరాదు. జార్జి ఆర్వెల్ 1945లో ప్రకటించిన ‘యానిమల్ ఫార్మ్’లో జంతువులు యజమానిని తరిమివేయును, అధికారము చేజిక్కించుకొన్న పందులు తుదకు మనుష్యులకంటె వేఱుగా గుర్తింపరానివగును. నవల అక్కడ ముగియును. హాలస్, బాచెలర్ దంపతులు ఇంగ్లండులో తీయగా 1954లో వెలువడిన చిత్రమున మాత్రము జంతువులు మరల తిరుగబడి పందులను కూలద్రోయును. ఆ చిత్రమునకు అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ. రహస్యముగా ధనము సమకూర్చినదని పిదప బయల్పడినది. ఆర్వెల్ 1950లోనే గతించినాడు. కథ ఆయనది, ముగింపు వేఱొకరిది.

2016లో వెలువడిన ‘జూటోపియా’లో సాధుజంతువులును మాంసాహారులును ఒక్క నగరమున కాపురముండును. మాంసాహారులు పదింట ఒక వంతే. వాహనముల శాఖ కార్యాలయములో గుమాస్తాలందరును స్లాత్ అను అతిమందగమన జంతువులు. ఆ ఘట్టమున నవ్వు రాని ప్రభుత్వోద్యోగి అరుదు! కాని కథలోని ముల్లు వేఱొకచోట నున్నది. కొన్ని మాంసాహారులు ఉన్మత్తములు కాగా, జూడీ అను కుందేలు, సద్బుద్ధిగల పోలీసు ఉద్యోగి, అది వాని పుట్టుకలోనే యున్న గుణము కావచ్చునని విలేఖరుల యెదుట పలుకును. ఆ మాటతో నగరము రెండుగా చీలును. జూడీకి తోడ్పడిన నక్కయే మనసు విరిగి దూరమగును. అల్పసంఖ్యాకులకు మందు పెట్టి ఉన్మాదము కలిగించినది, జనుల భయముతో అధికారము నిలుపుకొనదలచిన ఒక గొఱ్ఱె యని తుదకు తేలును.

పిల్లల కిట్టి చిత్రములు చూపవలసినదే. పెద్దలును ప్రక్కన కూర్చుండి చూడవలెను. కథలో కనబడని వాడెవ్వడు? ఈ భయమువలన లాభమెవ్వరికి? ముగింపు నిర్ణయించినదెవ్వరు? ఇంటికి వచ్చిన పిమ్మట ఈ ప్రశ్నలు అడుగవచ్చును. కేంద్రప్రభుత్వోద్యోగుల నివాసములలో పలు భాషల, పలు మతముల బిడ్డలు ఒక్క మైదానమున ఆడుకొందురు. ఒక్కడు చేసిన తప్పునకు అతని వారినందరిని నిందించు మాట భోజనపంక్తిలో పెద్దలనోట వెలువడినచో, తెరపై కుందేలు నేర్చిన పాఠము ఆ రాత్రియే చెరిగిపోవును.