ప్లగ్గు పెడితేనే హైబ్రిడ్

ఇవాళ కరెంటుతోనూ పెట్రోలుతోనూ నడిచే పెద్ద కార్ల గురించి, అంటే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఎస్‌యూవీల గురించి మాట్లాడుకుందాం. బీఎండబ్ల్యూ ఎక్స్‌ఎం 2022 డిసెంబరులో మన దేశానికి వచ్చినప్పుడు షోరూము ధర 2 కోట్ల 60 లక్షల రూపాయలు. లంబోర్గినీ ఉరుస్ ఎస్‌ఈ 2024 ఆగస్టులో వచ్చినప్పుడు దాని ధర 4 కోట్ల 57 లక్షలు. వోల్వో, రేంజ్ రోవర్ కూడా ఇదే తరహా బండ్లు చేస్తాయి. ఇలాంటివి నంద్యాలలో ఎంతమంది కొంటారు, ఈ గోల మనకెందుకు అని మీరంటే తప్పు పట్టను. కానీ ఏసీ, ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ బ్రేకు అన్నీ మొదట ఖరీదైన బండ్లలోనే వచ్చి, ఆ తర్వాతే మామూలు బండ్లలోకి దిగాయి. పైగా బండి కొన్నది ఒక్కరే అయినా అది వదిలే పొగ పీల్చేది బజారంతా. అందుకని ఈ బండ్లు కొన్నవాళ్లకు ఇంతవరకూ ఎదురైనదేమిటో, అది నంద్యాల, ఆళ్లగడ్డ మనుషులకు ఎలా వర్తిస్తుందో చూద్దాం. నాకు తోచిన మాట ముందే చెప్పేస్తాను. ఈ బండి మంచిచెడ్డలు తేలేది రోడ్డు మీద కాదు, రాత్రి దాన్ని నిలిపే షెడ్డులో. అక్కడ గోడకు ప్లగ్గు ఉండాలి, దాన్ని రోజూ బండికి తగిలించే మనిషీ ఉండాలి. ఆ రెండింటిలో ఏది లేకపోయినా అది బరువెక్కువైన పెట్రోలు బండే.

లోపల జరిగేది పెద్ద మాయేమీ కాదు. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే మామూలు హైబ్రిడ్ కార్లలో చిన్న బ్యాటరీ ఉంటుంది. దాన్ని ఇంజనే నింపుతుంది, బ్రేకు వేసినప్పుడు కొంత నిండుతుంది. గోడకు తగిలించే పని లేదు. ప్లగ్-ఇన్ రకంలో ఆ బ్యాటరీని బాగా పెంచి, బయటి కరెంటుతో నింపుకునే ఏర్పాటు చేశారు. ఎక్స్‌ఎంలో వాడుకోవడానికి వీలైనది 25 యూనిట్ల పైచిలుకు. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో పడే యూనిట్టే. ఆ కరెంటుతో 80 కిలోమీటర్ల పైన నడుస్తుందని కంపెనీ లెక్క. అది ఉన్నంతసేపు మోటారే చక్రాలను తిప్పుతుంది, ఇంజను నిద్రపోతుంది. అయిపోయాక ఇంజను అందుకుంటుంది. బ్రేకు వేసినప్పుడు అదే మోటారు జనరేటరుగా మారి, వేగంలో ఉన్న శక్తిని కొంత వెనక్కి బ్యాటరీలోకి పంపుతుంది. అంటే ఒకే బండిలో రెండు బండ్ల సామాను మోస్తున్నామన్నమాట. అందుకే ఎక్స్‌ఎం బరువు సుమారు 2,700 కిలోలు. ఈ బరువు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ మళ్లీ అవసరపడుతుంది.

కంపెనీ చెప్పే మైలేజీకీ కొన్నవాళ్లకు దక్కే మైలేజీకీ ఎంత తేడా ఉందో ఐరోపాలో పక్కాగా కొలిచారు. అక్కడ 2021 నుంచి కొత్త కార్లు తాము నిజంగా తాగిన ఇంధనాన్ని బండిలోనే నమోదు చేసుకోవాలని నిబంధన ఉంది. ఆ లెక్కలు పోగుచేసి యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో నివేదిక ఇచ్చింది. మామూలు పెట్రోలు, డీజిలు కార్లు ప్రయోగశాల లెక్క కంటే ఇంచుమించు ఐదో వంతు ఎక్కువ ఇంధనం తాగాయట. అది ఎవరైనా ఊహించేదే. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు వదిలిన కార్బన్ డయాక్సైడ్ మాత్రం కాగితం మీది అంకెకు సగటున మూడున్నర రెట్లు ఉంది. ప్రయోగశాలలో అబద్ధం ఆడారని కాదు. ఎక్కువ కిలోమీటర్లు కరెంటు మీదే నడుస్తాయని అనుకుని ఆ లెక్క కట్టారు. మనుషులు అలా నడపలేదు, అంతే. ఎందుకు నడపలేదో చెప్పే ఇంకో అధ్యయనం 2022లో వచ్చింది. సొంత డబ్బుతో కొన్నవాళ్లు 45 నుంచి 49 శాతం దూరం కరెంటు మీద నడిపితే, కంపెనీ ఇచ్చిన కారు నడిపేవాళ్లు 11 నుంచి 15 శాతమే నడిపారు. బండి అదే, బ్యాటరీ అదే. మారింది పెట్రోలు బిల్లు కట్టే చెయ్యి ఒక్కటే.

నా దృష్టిలో మన ప్రాంతానికి అన్నిటికంటే పనికొచ్చే అంకె ఈ 11 నుంచి 15 శాతమే. రెండు మూడు కోట్ల బండిని మన దగ్గర కొనేవాళ్లలో ఎక్కువమంది వ్యాపారం పేరు మీదే కొంటారు. కాంట్రాక్టు ఫర్మో, మిల్లో, క్రషరో ఏదో ఒకటి ఉంటుంది. నడిపేది డ్రైవరు. పెట్రోలు బంకులో ఖాతా ఉంటుంది, నెలాఖరుకు లెక్క చూసేది గుమాస్తా. యజమాని వెనక సీట్లో కూర్చుంటాడు, ఇంజను నడుస్తోందో మోటారు నడుస్తోందో ఆయనకు పట్టదు. రాత్రి పదకొండింటికి బండి షెడ్డులో పెట్టి ఇంటికి పోయే డ్రైవరు, ఎవరూ చెప్పని పని నెత్తిన వేసుకుని కేబులు తీసి తగిలిస్తాడా? తగిలించడు. ఆయన్ని అనడానికి కూడా లేదు. లెక్క చూస్తే మాత్రం లాభం ఉంది. ఇంటి కరెంటు పై శ్లాబులో యూనిట్ పది రూపాయలకు దగ్గరగా పడుతుంది. బ్యాటరీ ఒకసారి నిండడానికి, మధ్యలో పోయేది కలుపుకుని, మూడు వందల లోపే. అంత దూరం పెట్రోలు మీద పోతే ఎనిమిది వందల పైమాటే. రెండు కోట్లు పెట్టినవాడికి ఐదు వందలు లెక్కా అని మీరు నవ్వవచ్చు. సరిగ్గా అక్కడే ఉంది చిక్కు. డబ్బు ఆదా అవుతుందన్న ఆశ ఈ కొనుగోలుదారును కదిలించదు కాబట్టి, ప్లగ్గు పెట్టడం అలవాటైతేనే జరుగుతుంది, ఆశతో జరగదు.

ఇక అలవాటు ఉందనుకుందాం. అప్పుడు ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు రోజూ వచ్చిపోయే మనిషి లెక్క వేద్దాం. కర్నూలు, కడప జాతీయ రహదారి మీద ఒకవైపు నలభై కిలోమీటర్ల పైచిలుకు, రానూపోనూ ఎనభై దాటుతుంది. ఇంత బరువున్న బండికి వంద కిలోమీటర్లకు ముప్పై యూనిట్లు అనుకుంటే, పాతిక యూనిట్లకు ఎనభై మూడు వస్తాయి. అంటే డిసెంబరులో, నిదానంగా పోతే, బొటాబొటిగా సరిపోతుంది. మే నెలలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. ఎండలో నిలిపిన బండి ఎక్కగానే ఏసీ పూర్తి జోరున తిరగాలి. బ్యాటరీని చల్లబరచడానికీ కొంత కరెంటు పోతుంది. నాలుగు వరుసల రోడ్డు కదా అని వందకు పైన పోతే గాలి నెట్టే బలం వేగం కన్నా వేగంగా పెరుగుతుంది. వందకు ముప్పై అయిదు యూనిట్లు పడిందనుకోండి, డెబ్బై కిలోమీటర్ల దగ్గర బ్యాటరీ చేతులెత్తేస్తుంది. తిరుగు ప్రయాణంలో సిరివెళ్ల ప్రాంతంలో ఇంజను లేస్తుంది. మందు చాలా చిన్నది. నంద్యాలలో పని చూసుకునే చోట రెండు మూడు గంటలు మామూలు పదిహేను ఆంప్‌ల ప్లగ్గుకు పెడితే అయిదారు యూనిట్లు ఎక్కుతాయి, ఇల్లు చేరడానికి అవి చాలు. కంపెనీ కాగితం మీది అంకె కంటే ఆ రెండో ప్లగ్గు ముఖ్యం.

ప్లగ్గు పెట్టకపోయినా బ్రేకు వేసినప్పుడు బ్యాటరీ నిండుతుందిగా, అది చాలదా అని అడిగేవాళ్లుంటారు. కొంత నిజమే, ఊళ్లో ఆగి ఆగి పోయేచోట ఆ పొదుపు కనిపిస్తుంది. అయితే బ్రేకు కొత్త శక్తిని పుట్టించదు. పెట్రోలు పోసి తెచ్చుకున్న వేగంలో కొంత భాగాన్ని వెనక్కి ఇస్తుంది, అంతే. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు నల్లమల ఘాటు దిగేటప్పుడు బ్యాటరీ గీత పైకి లేవడం చూసి మురిసిపోవచ్చు గానీ, ఎక్కేటప్పుడు ఖర్చయినదంతా దిగేటప్పుడు తిరిగి రాదు. హైదరాబాద్ ప్రయాణం ఇంకా అన్యాయం. నంద్యాల నుంచి కర్నూలు సుమారు 70 కిలోమీటర్లు, అక్కడికే బ్యాటరీ ఖాళీ. మిగతా రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు ఏడెనిమిది నిండు గ్యాస్ సిలిండర్లను డిక్కీలో వేసుకుని పోయినట్టే, అంత బరువు ఊరికే మోయాలి. ఇంకోటి, ఈ రకం బండ్లలో చాలావాటికి బ్యాటరీ పెట్టడానికి స్టెప్నీ తీసేస్తారు, దానికి బదులు పంక్చరు మందు డబ్బా ఇస్తారు. టైరు పక్కగోడ చీలితే ఆ మందు పనిచేయదు. నల్లమల అడవిలో ఫోను సిగ్నలు కూడా అందని చోట్లున్నాయి. కొనేముందు డిక్కీ అడుగు తెరిచి చూడమని షోరూములో ఎవరూ చెప్పరు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం బొగ్గు గురించినది. ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రంలో బొగ్గు కాల్చి కరెంటు తెచ్చి, ఆ కరెంటుతో బండి నడిపి పొగ తగ్గించామనడం ఏమిటని ప్రశ్న. దీన్ని తేలిగ్గా కొట్టేయలేం. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్‌కు సగటున 700 గ్రాముల పైన కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ముప్పై యూనిట్లకు 21 కిలోలు. అదే బండి పెట్రోలు మీద లీటరుకు పది కిలోమీటర్లు ఇస్తే వందకు పది లీటర్లు, లీటరుకు 2.3 కిలోల చొప్పున 23 కిలోలు. ఆ పెట్రోలును శుద్ధి చేసి ఇక్కడిదాకా తేవడానికి అయిన పొగ కలిపితే తేడా ఇంకొంచెం పెరుగుతుంది. అయినా, భూమి వేడెక్కడం ఒక్కటే చూస్తే, గ్రిడ్ కరెంటు మీద నడిచే ఇంత బరువైన బండికి గొప్పలు చెప్పుకునే హక్కు లేదు. కానీ నంద్యాల జిల్లాకు ఒక వెసులుబాటు ఉంది. గడివేముల, ఓర్వకల్లు మండలాల్లో గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లోనే నడకలోకి వచ్చింది ఎందుకనుకున్నారు? ఎండ ఉంది కాబట్టే. ఆ ఎండే ఇంటి మేడ మీదా పడుతుంది. ఒక కిలోవాటు పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. ఏడు కిలోవాట్లు పెట్టుకుంటే ఈ బ్యాటరీకి సరిపడా వస్తుంది. బండి ధర ముందు అది లెక్కలోకే రాదు. పగలు పండిన కరెంటు రాత్రి బండికి ఎలా అంటే, నెట్ మీటరు ఆ జమాఖర్చు చూసుకుంటుంది.

ఆరోగ్యం సంగతి వేరే కొలతతో చూడాలి. కార్బన్ డయాక్సైడ్ ఎక్కడ వెలువడినా భూమికి ఒకటే. ఊపిరితిత్తులకు అలా కాదు, పొగ ఎక్కడ వెలువడిందన్నదే వాటికి ముఖ్యం. నంద్యాల బజారులో బండి కరెంటు మీద పోతే, తోపుడుబండి దగ్గర రోజంతా నిలబడేవాళ్ల ముఖానికి ఆ మేరకు పొగ తగ్గుతుంది. ప్లగ్గు పెట్టని బండితో ఆ మేలు లేకపోగా ఒక అదనపు కీడుంది. సైలెన్సరు దారిలో పొగను శుభ్రం చేసే పరికరం బాగా వేడెక్కితేనే పనిచేస్తుంది. హైబ్రిడ్‌లో ఇంజను ఆగుతూ లేస్తూ ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు లేచిన మొదటి నిమిషాల్లో మురికి ఎక్కువ. ఇంకో ప్రమాదం ఇంట్లోనే ఉంది. తలుపులు మూసిన షెడ్డులో, బండి ఆన్ చేసి, ఏసీ వేసుకుని ఫోను మాట్లాడుతూ కూర్చునే అలవాటు కొందరికి ఉంటుంది. శబ్దం లేదు, మోటారే కదా అనుకుంటారు. బ్యాటరీ తగ్గగానే ఇంజను ఎవరినీ అడగకుండా తనంతట తాను లేస్తుంది. అప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు, ఆ తర్వాత స్పృహ తప్పడం. ఇంట్లో పిల్లలకూ డ్రైవరుకూ ఈ ఒక్క సంగతి తప్పకుండా చెప్పండి.

ఇన్ని తంటాలెందుకు, పూర్తి కరెంటు బండే కొనుక్కోవచ్చుగా అంటే, ప్రభుత్వం ఉద్దేశమూ అదే. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద హైబ్రిడ్ల మీద జీఎస్టీ 40 శాతం, కరెంటు కార్ల మీద 5 శాతమే. ఆళ్లగడ్డ, నంద్యాల మధ్య తిరగడమే ముఖ్యమైతే నేనూ కరెంటు బండికే ఓటేస్తాను. వారంలో అయిదు రోజులు ఈ దారి, నెలకు ఒకటి రెండుసార్లు హైదరాబాదో బెంగళూరో, సొంత ఇల్లు, సొంత షెడ్డు, మేడ మీద ఎండ, ఇవన్నీ ఉన్నవాళ్లకు మాత్రం హైబ్రిడ్ కొనడంలో అర్థం ఉంది. అలా కొనేవాళ్లు ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి షెడ్డులో ఎర్తింగు కొలిపించండి, ఇంటి లోడు ఎంతకు మంజూరైందో బిల్లులో చూడండి. పదిహేను ఆంప్‌ల ప్లగ్గుతో నిండడానికి పన్నెండు గంటల దాకా పడుతుంది. అంతసేపూ వైరు మీద లోడు ఉంటుంది కాబట్టి పెట్టిన అరగంట తర్వాత ఒకసారి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి, కాలుతుంటే ఆపేయండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దేవద్దు. షోరూమువాళ్లు నడిపి చూడమంటే సాయంత్రం చల్లబడ్డాక పోకండి. మే నెల మధ్యాహ్నం, బ్యాటరీ పూర్తిగా నింపించి, నలుగురు ఎక్కి, ఏసీ వేసుకుని, ట్రిప్ మీటరు సున్నా చేసి బయల్దేరండి. ఇంజను మొదటిసారి లేచినప్పుడు మీటరులో ఎంత ఉందో కాగితం మీద రాసుకోండి.