శాస్త్రజ్ఞులు కాబోనివారికి శాస్త్రము

పదవ తరగతి పరీక్ష ముగిసిన కొద్ది దినములకే మన బాలబాలికల దారులు చీలిపోవును. కొందరు గణిత భౌతిక రసాయన శాస్త్రముల వైపు, కొందరు జీవశాస్త్రము వైపు, తక్కినవారు చరిత్ర, అర్థశాస్త్రము, వాణిజ్యము వైపు మరలుదురు. ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి., హెచ్.ఇ.సి. అను పొడి అక్షరములే అటుపైని వారి చదువునకు ఎల్లలు. పదునారేండ్ల ప్రాయమున సి.ఇ.సి.లో చేరిన బాలిక, మరల ఒక్క శాస్త్రగ్రంథమైనను తెరువకయే పట్టభద్రురాలు కావచ్చును. ఆమెయే రేపు బ్యాంకు అధికారిణి, న్యాయవాది, శాసనసభ్యురాలు, ఇంటికి పెద్దదిక్కు. మందును గూర్చియు, త్రాగునీటిని గూర్చియు, అప్పును గూర్చియు నిర్ణయము చేయవలసినది ఆమెయే. అట్టివారికి కళాశాల ఏ శాస్త్రమును, ఎంత గణితమును, ఏ రీతిని నేర్పవలెను అనునది నేటి ప్రసంగవిషయము.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1948లో భారత ప్రభుత్వము డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యాసంఘమును నియమించినది. వారు అంతకుముందు, 1931 నుండి 1936 వరకు, మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. ఏ శాఖలో చదివినను విద్యార్థికి సామాన్య విద్య అవసరమని ఆ సంఘము 1949 నాటి నివేదికలో సిఫారసు చేసినది. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయము నియమించిన సంఘము 1945లోనే, స్వతంత్ర సమాజములో సామాన్య విద్య యెట్లుండవలెనో చర్చించుచు, ఒక పెద్ద నివేదికను ప్రకటించి యుండెను. మన దేశమున 2020 నాటి జాతీయ విద్యావిధానము ఈ ఊహకు మరల ప్రాణము పోసినది. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ప్రకటించిన ప్రణాళిక ప్రకారము, మూడేండ్ల పట్టమునకు కావలసిన 120 క్రెడిట్లలో కనీసము 9 క్రెడిట్లు బహువిషయ పాఠములకు చెందవలెను. ఇంటర్మీడియట్‌లో చదివిన విషయమునే మరల ఎన్నుకొనరాదు. అనగా చరిత్ర విద్యార్థికి శాస్త్రపు తలుపు తెరచినారు. లోపల ఏమి వడ్డించవలెను అనునది అధ్యాపకులు తేల్చుకొనవలసిన విషయము.

ఇచ్చట సాధారణముగా జరుగు పొరపాటు ఒకటి కలదు. శాస్త్రవిద్యార్థి మొదటి సంవత్సరమున చదువు పుస్తకమును తీసికొని, అందులోని కష్టమైన పుటలను తొలగించి, మిగిలినదానిని ఇతరులకు బోధింతురు. అందు నిర్వచనములుండును, సూత్రములుండును, పేర్లుండును. విద్యార్థి వానిని కంఠస్థము చేసి, పరీక్షలో అప్పగించి, వేసవి సెలవులలో మరచిపోవును. ఇల్లు కట్టబోవువానికి పునాది కావలెను, నిజమే. ఇల్లు కట్టనివానికి పునాదిరాళ్లు మాత్రమే మోపి పంపుట ఏమి న్యాయము?

హార్వర్డు అధ్యక్షుడును రసాయనశాస్త్రజ్ఞుడును అయిన జేమ్స్ బ్రయంట్ కోనంట్ దీనికి వేరొక మార్గము చూపెను. శాస్త్రమును అర్థము చేసికొనుటను గూర్చి 1947లో ఆయన ప్రకటించిన చిన్నపుస్తకములోని సారాంశమిది: సామాన్యునకు శాస్త్రఫలితముల పట్టికకంటె, ఆ ఫలితములు ఎట్లు లభించినవో తెలియుట ముఖ్యము. అందుచేత కొలది ఉదంతములను ఎన్నుకొని, వానిని లోతుగా చదివింపవలెను. ఆయన సంపాదకత్వమున వెలువడిన ప్రయోగచరిత్రలు 1957లో రెండు సంపుటములుగా అచ్చయినవి. వానిలో మొదటిది గాలిని గూర్చినది. ఆ కథనే తీసికొందము.

పీల్చెడు పంపు నీటిని సుమారు 34 అడుగులకు, అనగా పది మీటర్లకు పైగా ఎత్తలేదని పదునేడవ శతాబ్దమున ఇటలీలో పనివారికి తెలియును. కారణము తెలియదు. గెలీలియో చివరి దినములలో ఆయనకు సహాయకుడుగా నుండిన టోరిసెల్లి, నీటిని పైకి త్రోయునది వెలుపలి గాలి బరువే కావచ్చునని తలచెను. పాదరసము నీటికంటె 13.6 రెట్లు బరువైనది. గాజుగొట్టములో అది సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున నిలిచినది. ఈ సంగతిని ఆయన 1644లో ఒక లేఖలో వివరించెను. విద్యార్థి ఇప్పుడు 76ను 13.6తో హెచ్చవేయవలెను. 1033.6 సెంటీమీటర్లు, అనగా పది మీటర్లపైన మరికొంత వచ్చును. పనివారి పంపునకును పండితుని గొట్టమునకును గల చుట్టరికము ఈ ఒక్క హెచ్చవేతలో బయటపడును.

కథ ఇంతటితో ముగియలేదు. గాలి బరువే కారణమైనచో కొండపైన పాదరసము దిగవలెను గదా యని ఫ్రాన్సులో పాస్కల్ ఊహించెను. ఆయన కోరికపై ఆయన బావగారైన పెరియే 1648 సెప్టెంబరు 19న పుయ్ ద డోం అను కొండ నెక్కెను. శిఖరముపై చోటు మార్చి మార్చి కొలువగా, పాదరసము నాటి ఫ్రెంచి కొలతలో మూడంగుళములకు పైగా దిగియున్నది. అయితే కొండ ఎక్కుటకు ముందు ఆయన మరియొక పని చేసెను. క్రింద మఠములోని తోటలో అట్టిదే రెండవ గొట్టమును నిలిపి, దినమెల్ల దానిని కనిపెట్టి యుండుటకు ఒకరిని నియమించెను. అది రోజంతయు మార్పులేక యున్నది.

ఆ రెండవ గొట్టము ఎందుకు? పరీక్షలో అడుగవలసిన ప్రశ్న ఇది. అది లేనిచో, ఆ దినమున వాతావరణము మారుటచేతనే పాదరసము దిగినదని ఎవరైనను అనవచ్చును. ఈ సంగతి గ్రహించిన విద్యార్థి, వాయుపీడన నిర్వచనమును మరచినను నష్టము లేదు. ఈ కషాయము త్రాగితిని, వారములో జలుబు తగ్గినది అని పొరుగువారు చెప్పినప్పుడు, త్రాగనివారికి ఎన్నాళ్లకు తగ్గినదని ఆమె అడుగును. ఒక ఎరువు వేసిన చేను బాగుగా పండినదని విన్నప్పుడు, వేయని చేను ఆ యేడు ఎట్లు పండినదని అడుగును. తోటలోని గొట్టము ఆమెకు జీవితాంతము తోడుండును.

గణితమునకును ఇదే న్యాయము. వాణిజ్యముగాని సాహిత్యముగాని చదువువానికి కలనగణితపు ముక్కలు పెట్టుటకంటె, నిత్యము ఎదురుపడు లెక్కలను లోతుగా చూపుట మేలు. మన పల్లెలలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ యన్నచో స్వల్పముగా వినిపించును. నూరు రూపాయలకు పదేండ్లలో బారువడ్డీతో 340 రూపాయలగును. ఏటేట వడ్డీని అసలులో కలుపు చక్రవడ్డీ యైనచో 859 రూపాయలగును. ఈ తేడా ఎక్కడ పుట్టినదో స్వయముగా లెక్కించినవాడు, తెలియని పత్రముపై తొందరపడి సంతకము చేయడు.

మరియొక లెక్క. వేయిమందిలో పదిమందికి ఒక రోగము కలదనుకొందము. ఒక రక్తపరీక్ష ఆ పదిమందిని తప్పక పట్టుకొనును. అయితే ఆరోగ్యవంతులలో నూటికి ఐదుగురిని గూడ పొరపాటున రోగులుగా చూపును. తక్కిన 990 మందిలో సుమారు ఏబదిమంది అట్లు చిక్కుదురు. మొత్తము అరువదిమందికి రోగమున్నదని కాగితము వచ్చును, నిజముగా నున్నది పదిమందికే. కనుక ఆ కాగితము చూచి గుండె జారవలసిన పనిలేదు, దానిని పారవేయవలసిన పనియు లేదు. మరల పరీక్షింపవలెను. దీనికి కావలసిన గణితము కూడిక, హెచ్చవేత, భాగహారములే. కావలసిన ఆలోచన మాత్రము చిన్నది కాదు.

గణితము సాహిత్యపరులకు సరిపడదను మాట మన భాషకు వర్తించదు. మహావీరాచార్యుని సంస్కృత గణితగ్రంథమును పావులూరి మల్లన పూర్వమే తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్కయు పద్యమును ఒకే ఇంట కాపురము చేసిన భాష మనది.

ఆక్షేపణలు లేకపోలేదు. ఇట్టి పాఠము పైపై చదువగునని శాస్త్రాధ్యాపకులు శంకింతురు. పది అధ్యాయములను తడవి విడిచిన పాఠము పైపైది. ఒక్క గొట్టము కథను చివరివరకు చదివిన పాఠము లోతైనది. ఖర్చు ఎక్కువ యని యాజమాన్యములు అందురు. పాదరసము విషపదార్థము, విద్యార్థుల చేతికి ఈయరానిది. కాని ఒక బకెట్టు నీరు, గట్టి పారదర్శకమైన గొట్టము, నాలుగంతస్తుల మెట్లు ఉన్నచో చాలును. గొట్టమునిండ నీరు నింపి, పైకొనను బిగించి, క్రిందికొనను బకెట్టులో నుంచి పైకి లాగినచో, నీరు పది మీటర్ల దాపున నిలిచిపోవును. లెక్కకు కొంచెము తక్కువగానే నిలుచును. ఏల తక్కువ యని విద్యార్థులే అడుగుదురు. నీటి ఆవిరియు, నీటిలో కరిగియున్న గాలియు అప్పుడు చర్చకు వచ్చును.

అసలు చిక్కు పరీక్షలలో నున్నది. నిర్వచనము వ్రాయుమని అడిగినంతకాలము విద్యార్థి నిర్వచనమునే వల్లించును. ఈ పాఠమును అనుభవము లేని అధ్యాపకునకు అప్పగించు అలవాటును విడువవలెను. శాఖలోని సమర్థుడే దీనిని చెప్పవలెను. శాస్త్రము చదువనని నిశ్చయించుకొన్నవానికి శాస్త్రము చెప్పుటయే కష్టతరమైన పని.

వైజ్ఞానిక దృక్పథమును, జిజ్ఞాసను పెంపొందించుకొనుట ప్రతి పౌరుని విధియని 1976లో ఆమోదించిన నలుబదిరెండవ సవరణచే మన రాజ్యాంగములో చేరినది. ఆ విధి ఎం.పి.సి. చదివినవారికి మాత్రమే విధింపబడలేదు. ఇంటిలో కళాశాలకు పోవు పిల్లలున్న తల్లిదండ్రులు మార్కులెన్ని యని అడుగుదురు, అడుగవలసినదే. దానితోపాటు, నేడు విన్న సంగతి నిజమని ఎట్లు తెలిసినదని గూడ అడిగి చూడవలెను. ఆ ప్రశ్నకు బిడ్డ తడుముకొనక బదులు చెప్పగలిగిననాడు, ఆ తొమ్మిది క్రెడిట్లును సార్థకమైనట్లే.