లకాయ్ చూసిన ఆకాశం, మన దక్షిణ దిక్కు
(మదనపల్లెలో చేసిన వైను బప్పు స్మారకోపన్యాసం)



ఖగోళవేత్త వైను బప్పు గారి స్మృతిలో మాట్లాడమన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆయనకు రెండు శతాబ్దాల ముందు పుట్టిన ఒక ఫ్రెంచి ఖగోళవేత్త, నికొలా లూయీ ద లకాయ్. పారిస్ ఉత్తరాన 49 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడివాళ్లకు దక్షిణాకాశంలో చాలా భాగం ఏనాడూ ఉదయించదు. దాన్ని చూడటానికి లకాయ్ ఓడెక్కి ఆఫ్రికా కొసన ఉన్న కేప్‌టౌన్ చేరాడు. 1751 ఆగస్టు నుంచి 1752 జులై దాకా రాత్రివేళల్లో పనిచేసి దాదాపు పదివేల నక్షత్రాల స్థానాలు రాసుకున్నాడు.

ఆయన వాడిన పరికరం గురించి కాస్త వివరంగా చెప్పాలి. టెలిస్కోపు కటకం వెడల్పు అర అంగుళం. అది పెద్దది చేసి చూపేది ఎనిమిది రెట్లే. ఈరోజు పిల్లలకు కొనిచ్చే బైనాక్యులర్ అంతకంటే ఎంతో ఎక్కువ వెలుగు పోగుచేస్తుంది. ఆ టెలిస్కోపును ఒకచోట బిగించి, భూభ్రమణం వల్ల జరిగిపోయే ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా చూస్తూ, ప్రతి నక్షత్రం దాటే వేళను గడియారంతో గుర్తించాడు. ఆ వరుసలో నక్షత్రంలా చుక్కగా కాక మసకగా కనిపించినవాటిని విడిగా పెట్టాడు. 1755లో అచ్చయిన ఆ జాబితాలో ఉన్నవి 42. నక్షత్రాలు లేని నెబ్యులాలు, నక్షత్ర గుంపులు, నెబ్యులాతో కలిసిన నక్షత్రాలు అని మూడు తరగతులు చేసి, ఒక్కోదానిలో పద్నాలుగేసి ఉంచాడు.

మొదటి తరగతిలో ఒమేగా సెంటారీ ఉంది. నిజానికి అది దాదాపు కోటి నక్షత్రాల గుచ్ఛం. అర అంగుళం కటకానికి అవి విడివిడిగా అందలేదు. 1752 ఫిబ్రవరిలో అదే కటకంలో మరో మసక మరక కనిపించింది. ఇప్పుడు మనం ఎం83 అంటున్న ఆ గెలాక్సీ కోటిన్నర కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. తాను చూస్తున్నది మరో గెలాక్సీ అని ఆయనకు తెలిసే వీలే లేదు. అయినా చూసినదాన్ని చూసినట్టు రాశాడు. నాకు ఆయన గొప్పతనం అక్కడే కనిపిస్తుంది. అందరి జాబితాలూ అంత నమ్మదగినవి కావు. 1826లో ఆస్ట్రేలియాలోని పరమట్టా నుంచి జేమ్స్ డన్‌లప్ తొమ్మిది అంగుళాల అద్దంతో 629 వస్తువులు నమోదు చేశాడు. తర్వాత కేప్‌టౌన్‌లో వెతికిన ఖగోళవేత్త జాన్ హెర్షెల్‌కు వాటిలో సగం కూడా దొరకలేదు.

ఇక మన సంగతి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ ఉత్తరాన పదమూడు డిగ్రీల అటూ ఇటూ ఉన్నాయి. లకాయ్ సముద్రాలు దాటి చూసిన ఒమేగా సెంటారీ కుప్పంలో దిగంతం నుంచి 30 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఏప్రిల్ మధ్యలో రాత్రి పదింటికి దక్షిణాన చూస్తే ఈటా కరీనా చుట్టూ ఉన్న నెబ్యులా 17 డిగ్రీల పైన ఉంటుంది. త్రిశంకువులోని కప్పా క్రూసిస్ గుచ్ఛం అదే ఎత్తుకు అర్ధరాత్రి లోపు చేరుతుంది. రెండూ ఆయన జాబితాలోవే.

ఈ అక్షాంశాల నుంచి కొత్త సంగతులు కనిపెట్టినవాళ్లూ ఉన్నారు. 1689లో పాండిచ్చేరి నుంచి ఫాదర్ రిషో ఆల్ఫా సెంటారీ జంట నక్షత్రమని గుర్తించాడు. మద్రాసు వేధశాలలో చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులై అనే చరకాంతి నక్షత్రాన్ని పట్టుకున్నాడు. మద్రాసులో అది 14 డిగ్రీల ఎత్తుకు మించి లేవదు.

హైదరాబాదులో పెరిగిన బప్పు గారికి ఈ అక్షాంశం విలువ తెలుసు. అందుకే వేధశాల కోసం జవ్వాది కొండల్లో కావలూరును ఎంచుకున్నారు. కుప్పం నుంచి గీత గీస్తే అది 60 కిలోమీటర్ల లోపే. 1982లో ఆయన కన్నుమూశారు. ఆయన కలగన్న 2.34 మీటర్ల టెలిస్కోపు 1986లో అక్కడ ప్రారంభమైంది.

లకాయ్ జాబితాలో మనకు కష్టమైనది టరాంటులా నెబ్యులా. జనవరి మధ్యలో రాత్రి పదింటికి కూడా ఎనిమిది డిగ్రీలే లేస్తుంది. మన కొండల్లో ఒక గుట్ట అడ్డొస్తే చాలు, కనిపించదు. హార్స్‌లీ కొండ మీద దక్షిణం వైపు తెరిపి ఉన్న చోటు చూసుకోవాలి, ఆ వైపు వీధిదీపాలకు పైన మూతలుండాలి. అంత కిందనున్న వస్తువు కోసం ఎందుకింత శ్రమ అంటారా? 1987 ఫిబ్రవరిలో టరాంటులా పక్కనే ఒక సూపర్‌నోవా కనిపించింది. కావలూరు శాస్త్రవేత్తలు దిగంతానికి అంత దగ్గరగా, దట్టమైన గాలిపొరల గుండానే దాని వర్ణపటాలు తీశారు.