వార్డులో మాట, కాగితం మీద కొలత



వైద్య పరికరం అనగానే లోహం, విద్యుత్ వలయాలు, సాఫ్ట్‌వేర్ గుర్తుకు వస్తాయి గాని, అవేవీ రూపు దిద్దుకోకముందే ఆ పరికరం పనికివస్తుందో రాదో చాలావరకు తేలిపోయే ఘట్టం ఒకటి ఉంది. రోగి, నర్సు, వైద్యుడు, ఇంట్లో సేవ చేసే మనిషి తమకు ఎక్కడ ఇబ్బంది కలుగుతున్నదో చెప్పిన మాటను ఇంజనీరు కొలవదగిన నియమంగా మార్చే ఘట్టం అది. ఆ మాటను వినియోగదారు అవసరమనీ, ఆ నియమాన్ని రూపకల్పన ఆవశ్యకత అనీ వ్యవహరించవచ్చు. అవసరం అనుభవంలోంచి పుట్టిన భాషలో ఉంటుంది. ఆవశ్యకతలో మాత్రం ఒక కొలత, ఆ కొలత వర్తించే పరిస్థితి, దానిని పరీక్షించే పద్ధతి మూడూ ఉండాలి. ‘తేలికగా ఉండాలి’ అన్నది అవసరం కాగా, ‘బరువు ఇన్ని గ్రాములకు మించరాదు’ అన్నది ఆవశ్యకత. మాట కొలతగా మారే ఈ దారిలో ఏది జారిపోయిందో కనిపెట్టడమే రూపకల్పనలో అన్నిటికంటే కష్టమైన పని అన్నది ఈ ప్రసంగం సభ ముందుంచే ప్రతిపాదన.

చట్టాలు కూడా ఈ ఘట్టాన్ని గుర్తించాయి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1996లో ప్రకటించిన నాణ్యతా నిబంధనలు, ఆవశ్యకతలు పరికరపు ఉద్దేశిత ప్రయోజనానికి తగినట్లుగా, వినియోగదారు అవసరాలనూ రోగి అవసరాలనూ కలుపుకొని ఉండాలని చెప్పాయి. వాటిలో అసంపూర్ణమైనవి, అస్పష్టమైనవి, ఒకదానితో ఒకటి పొసగనివి ఉంటే పరిష్కరించే పద్ధతి తయారీదారు వద్ద ఉండాలని కూడా నిర్దేశించాయి. వినియోగదారునీ రోగినీ వేరువేరుగా పేర్కొనడం గమనార్హం. మందును నిర్ణీత వేగంతో నరంలోకి ఎక్కించే ఇన్‌ఫ్యూజన్ పంపు మీటలు నొక్కేది నర్సయితే, ఆ మందు ఎక్కేది రోగికి. భారతదేశంలో 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన వైద్య పరికరాల నియమాలు కూడా పరికరాలను ప్రమాద స్థాయిని బట్టి ఎ, బి, సి, డి తరగతులుగా విభజించి, తయారీదారులకు నాణ్యతా నిర్వహణ వ్యవస్థను విధించాయి. అయితే నియమాలు పత్రాలను అడగగలవే గాని, ఆ పత్రాలలో ఏమి రాయాలో వార్డులోనే తెలుస్తుంది.

జైపూర్ పాదం అనే కృత్రిమ పాదం ఇందుకు మంచి నిదర్శనం. 1960ల చివరలో జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఎముకల వైద్యుడు పి.కె. సేథీ, చేతిపనిలో ఆరితేరిన రామచంద్ర శర్మ కలిసి దానిని రూపొందించారు. అప్పటికి వాడుకలో ఉన్న పాశ్చాత్య కృత్రిమ పాదం మడమ దగ్గర మెత్తగా, చీలమండ దగ్గర కదలకుండా, బూటులో ఇమిడేలా ఉండేది. బూటు తొడుక్కుని చదునైన నేల మీద నడిచి, కుర్చీలో కూర్చునే మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసినది కాబట్టి, అటువంటి మనిషికి అది సరిపోయింది. బాసింపట్టు వేసుకుని భోజనం చేసే, గొంతుక్కూర్చుని పనులు చేసుకునే, బురద పొలంలో వట్టికాళ్లతో దిగే మనిషికి మాత్రం అది సరిపోలేదు. అవసరాన్ని ‘నడవాలి’ అన్న ఒక్క మాటతో రాసి ఊరుకుంటే రెండు పాదాలూ పరీక్షలో నెగ్గుతాయి. అదే మాటను విడమరచి చూస్తే, గొంతుక్కూర్చోవడానికి చీలమండ వద్ద పాదం పైకి వంగాలనీ, బాసింపట్టుకు అది పక్కకు తిరగాలనీ, గట్ల మీద నడవడానికి లోపలికీ వెలుపలికీ ఒరగాలనీ, తడికి పాడు కారాదనీ, బూటు తొడుగు లేకుండానే నేల రాపిడికి ఓర్చుకోవాలనీ, చూపుకు పాదంలాగే కనిపించాలనీ ఒక్కొక్క ఆవశ్యకతే బయటపడుతుంది. స్పాంజి రబ్బరు, కొయ్య, వాటిని కప్పే గట్టి రబ్బరు తొడుగు అన్న పదార్థాల ఎంపిక ఆ జాబితాకు జవాబుగా వచ్చినదే. సేథీకి 1981లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

అవసరం ఎప్పుడూ నోటిమాటగానే వస్తుందనుకోవడం కూడా పొరపాటే. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రికి చెందిన ఎముకల వైద్యుడొకరు క్షిపణుల కోసం తయారైన తేలికపాటి పదార్థాన్ని చూసి, శాస్త్రవేత్త అబ్దుల్ కలాంను ఆసుపత్రికి తీసుకువెళ్లి, కాలికి ఊతంగా తొడిగే, మూడు కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లను ఈడ్చుకుంటూ నడిచే పిల్లలను చూపించిన సంగతిని కలాం తన ప్రసంగాలలో చెప్పారు. ఆ తరువాత తయారైన కాలిపరు బరువు 300 గ్రాములు. వేరొక కాలిపరు ఉండగలదని తెలియని పిల్లవాడు బరువు తగ్గించమని అడగడు. ప్రశ్నపత్రంలో దొరకని అవసరం, వార్డులో నిలబడి చూసినవారికి దొరుకుతుంది. అయినా బరువొక్కటే ఆవశ్యకతగా రాస్తే చాలదు. తేలికదనమూ, ఒంటి బరువుకు విరగని గట్టిదనమూ ఎదురెదురుగా లాగే నియమాలు కాబట్టి, రెండింటికీ హద్దులు ఒకేచోట రాయవలసి ఉంటుంది.

ఇంట్లో వాడే పరికరాల విషయంలో ఈ బాధ్యత మరింత పెరుగుతుంది. భారతదేశంలో ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్ల గాఢతలోనూ, 100 యూనిట్ల గాఢతలోనూ దొరుకుతుంది. మొదటిదానికి ఎర్రమూత సిరంజి, రెండవదానికి నారింజమూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల మందును ఎర్రమూత సిరంజితో గీతలు చూసి తీసుకుంటే, ఒంట్లోకి రెండున్నర రెట్లు మందు వెళ్లి చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. దీనిని రోగి చేసిన తప్పుగా రాయడం సులువే గాని, మధుమేహం చూపునూ వేళ్ల స్పర్శనూ దెబ్బతీసే జబ్బని తెలిసినవారు అలా రాయలేరు. ప్రమాద నిర్వహణకు ప్రమాణమైన ఐఎస్ఓ 14971 చెప్పే వరుస కూడా ఇదే: ముందుగా ప్రమాదానికి తావులేని రూపకల్పన, అది కుదరనప్పుడు రక్షణ ఏర్పాటు, ఆ తరువాతనే హెచ్చరిక. మూత రంగు మనిషి జ్ఞాపకం మీద ఆధారపడుతుంది. తనకు తగిన మందుగొట్టమే ఇమిడే ఇన్సులిన్ పెన్ను ఆ జ్ఞాపకం అవసరాన్ని తగ్గిస్తుంది.

కొలత రాసినంత మాత్రాన అవసరం తీరినట్లు కాదని పల్స్ ఆక్సిమీటరు చరిత్ర చెబుతుంది. వేలిలోంచి కాంతిని పంపి రక్తంలోని ఆక్సిజన్‌ను అంచనా వేసే ఈ పరికరాన్ని 10 మంది లేదా అంతకంటే ఎక్కువమంది ఆరోగ్యవంతుల మీద పరీక్షించాలనీ, వారిలో కనీసం ఇద్దరు లేదా 15 శాతం మంది ముదురు చర్మవర్ణం గలవారై ఉండాలనీ అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2013లో మార్గదర్శకం ఇచ్చింది. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన పరిశీలన ప్రకారం, ఆక్సిమీటరు 92 నుంచి 96 శాతం చూపుతుండగా ధమని రక్తంలో నిజానికి 88 శాతం కంటే తక్కువ ఉన్న సందర్భాలు శ్వేతజాతి రోగుల కొలతలలో 3.6 శాతం కాగా, నల్లజాతి రోగుల కొలతలలో 11.7 శాతం. తయారైనది రాసుకున్న ఆవశ్యకతకు సరిపోయిందా అని చూడడాన్ని వెరిఫికేషన్ అంటారు. అది అసలు అవసరాన్ని తీర్చిందా అని, నిజమైన వాడుకదారుల మధ్య చూడడాన్ని వాలిడేషన్ అంటారు. ఇద్దరిని చేర్చమన్న లెక్క మొదటిదానికి సరిపోవచ్చు గాని, ‘ఎవరి వేలికి తగిలించినా నిజం చెప్పాలి’ అన్న అవసరానికి సరిపోదు. ఎర్రని ఛాయ నుంచి చామనఛాయ, కారునలుపు దాకా ఉన్న ఈ దేశంలో తయారీదారు తన ఆవశ్యకతను రాసుకోవలసినది ఆ అవసరం కొలమానంతోనే.

అవసరాన్నీ, ఆవశ్యకతనూ, పరీక్షనూ ఒకే వరుసలో చూపే పట్టికను ట్రేసబిలిటీ పట్టిక అంటారు. విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్‌లోనూ, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ పార్కులోనూ వైద్య పరికరాల తయారీ సాగుతున్న నేటి స్థితిలో, తెలుగువారి నుంచి సేకరించిన అవసరం ఆ పట్టిక మొదటి గడిలో చెప్పినవారి మాటల్లోనే, తెలుగులోనే ఉండడం ఉచితం. చేతివేళ్లు ‘తిమ్మిరెక్కుతున్నాయి’ అన్న రోగికీ, ‘మొద్దుబారాయి’ అన్న రోగికీ ఉన్న తేడా ఆంగ్ల అనువాదంలో ఒకే పదం కింద కలిసిపోయే ప్రమాదం ఉంది. మొదటి రోగికి ఇన్సులిన్ పెన్ను తిప్పుతున్నప్పుడు కలిగే చిన్న కుదుపు వేలికి అందవచ్చు. రెండవ రోగికి అది అందదు కనుక, ఆ కుదుపు చెవికి వినిపించాలి, అంకె కంటికి పెద్దగా కనిపించాలి. ఆ రెండు మాటలనూ విడివిడిగా రాసుకున్న చోటనే ఆ రెండు ఆవశ్యకతలూ పుడతాయి.