పవమాన మూర్తి గారి బీజగణిత పరిశోధనము



దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వైపు సాగు మార్గమున శిక్షణ కేంద్రముల బోర్డులు అడుగడుగున కనబడును. బీజగణితపు లెక్కను రెండు మూడు నిమిషములలో ముగించు నేర్పు అచ్చట బోధింపబడును. అది తప్పు కాదు. పరీక్షలకు ఆ నేర్పు కావలసినదే. కాని అదే బీజగణితమున ఒక్క ప్రశ్నకు సమాధానము దొరకుటకు 21 సంవత్సరములు పట్టినది. ఆ ప్రశ్నపై శ్రమించిన భారతీయులలో ఆచార్య ఎం. పవమాన మూర్తి గారొకరు. వారు బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో కృషి చేసి, పిదప అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి.

వారి శాస్త్రమునకు వినిమయ బీజగణితమని పేరు. మూడును నాలుగుచే గుణించినను, నాలుగును మూడుచే గుణించినను ఫలము పండ్రెండే గదా! ఈ నియమమునకు లోబడిన సంఖ్యా సముదాయములను, సమీకరణ సముదాయములను పరిశీలించుటయే దాని పని. పండ్రెండును ప్రధాన సంఖ్యలుగా విడదీసినచో రెండు, రెండు, మూడు తప్ప వేరు రావు. ఇట్టి ఏకైక విభజనము అన్ని సముదాయములందును ఉండదు. అది యున్నచోట మరియే గుణములు తోడుగా వచ్చునను విషయముపై మూర్తి గారు 1964లో ప్రకటించిన చిన్న వ్యాసమును నేటికిని పండితులు ఉదాహరించుచున్నారు.

ఇక ఆ పెద్ద ప్రశ్న. ఇంటిలో చేయదగిన పరీక్ష యొకటి కలదు. కాగితపు పట్టీ చివరలను తిన్నగా అంటించినచో గాజువంటి వలయ మేర్పడును. మరియొక పట్టీకి ఒక మెలిక వేసి అంటింపవలెను. ఏ చిన్న భాగమును చూచినను రెండింటికిని భేదము లేదు. కాని రెండవదాని నడుమ గీత గీయుచు పోయినచో, కలమెత్తకయే గీత రెండు వైపులను పడును! వలయము నడుమ ఖాళీ యున్నందున మెలిక నిలిచినది. ఖాళీలు లేని తిన్నని ప్రదేశముపై, కేవలము బీజగణిత సూత్రములచే అల్లిన పట్టీలలో మెలిక దాగి యుండునా? 1955లో ఫ్రెంచి గణితజ్ఞుడు సెర్ లేవనెత్తిన ప్రశ్న సారాంశ మిదియే.

రెండు చలరాశుల విషయమున మెలిక యుండదని 1958లో సి.ఎస్. శేషాద్రి గారు నిరూపించిరి. వారును టాటా సంస్థవారే. రెండునుండి మూడునకు పోవుట ఒక్క మెట్టే గదా యని సామాన్యునకు తోచును. ఆ మెట్టునకు 16 సంవత్సరములు పట్టినది! 1974లో మూర్తి గారును, జేకబ్ టౌబరును కలిసి, ప్రతి సమీకరణమునకును మూలము దొరకు సంఖ్యా క్షేత్రములపై మూడు చలరాశుల ప్రశ్నను పరిష్కరించిరి.

రెండేండ్లు గడచెను. 1976లో అమెరికాలో క్విలెనును, రష్యాలో సుస్లినును, ఎవరికి వారుగా, ఎన్ని చలరాశులున్నను మెలిక యుండదని తేల్చివేసిరి. మూడు చలరాశుల ఫలితము ఆ పెద్ద సిద్ధాంతములో ఒక భాగమై పోయినది. మరియొకరైనచో ఆ దారి విడిచి యుందురేమో. మూర్తి గారు అంతకంటె కఠినమైన చోటికి నడచిరి. తిన్నని ప్రదేశము మాట తేలినది సరే. వంకరలు గల ప్రదేశముల సంగతి యేమి? అచ్చట మెలికలు నిజముగనే యుండును. వానిని కొలుచు టెట్లు?

అదే 1976లో రిచర్డ్ స్వాన్‌తో కలిసి రెండు పరిమాణముల ఉపరితలములను గూర్చి వ్రాసిరి. 1982లో ఎన్. మోహన్ కుమార్ గారితో కలిసి మూడు పరిమాణములకు పోయిరి. 1994లో ఒంటరిగా ఎన్ని పరిమాణములకైనను వర్తించు సిద్ధాంతమును 'ఆనల్స్ ఆఫ్ మాథమాటిక్స్' పత్రికలో ప్రకటించిరి. స్థూలముగా చెప్పినచో, ప్రదేశమున కెన్ని పరిమాణములో అన్ని పోగులు గల మెలికకట్ట యొకటి యున్నదనుకొనుడు. దానినుండి తిన్నని పోగు నొకదానిని విడదీయవచ్చునా యను ప్రశ్నకు, ఆ ప్రదేశముపైని కొన్ని బిందువుల లెక్కయే ఉత్తరము చెప్పును. లెక్క సున్నయైనచో పోగు విడివడును; కానిచో విడివడదు.

మూడు చలరాశుల వ్యాసమునకును దీనికిని నడుమ గడచినవి 20 సంవత్సరములు.